రంగునీళ్లు, ఎండ, తెల్లపొడి

పోచంపల్లి చీర అందరికీ తెలుసు. చీర నేసే ముందు నూలుకు రంగు అద్దుతారు. తర్వాత నూలును కడుగుతారు. ఆ కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

రంగులద్దే ఏ ఊళ్లోనైనా ఇదే చిక్కు. శుద్ధి చేయకుండా వదిలితే నీళ్లు మోరీలో పడతాయి. అక్కడి నుంచి కుంటలోకి చేరతాయి. కొన్ని భూమిలోకి ఇంకుతాయి. బావి నీళ్లు చెడతాయి.

ఈ రంగు తేలిగ్గా పోదు. ఉతికినా పోని రంగే మంచి రంగు అంటారు గదా! చీరకు అది మంచిదే. కుంటకు కాదు.

అయితే రోజూ ఎండలో ఆరేసిన చీర వెలిసిపోతుంది. ఎండ రంగును విరగ్గొడుతుంది. కానీ చాలా నెమ్మదిగా.

ఆ పనిని త్వరపెట్టే పొడి ఒకటుంది. పేరు టైటానియం డయాక్సైడ్. తెల్ల పెయింటులో వేసేది ఇదే. శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలో ఇల్మనైట్ అనే నల్లని ఖనిజం ఉంది. ఈ తెల్లపొడిని అలాంటి ఖనిజం నుంచే తీస్తారు. నల్లదాని నుంచి తెల్లది!

1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ఒక సంగతి ప్రకటించారు. ఈ పదార్థం మీద వెలుగు పడితే నీరు రెండు వాయువులుగా విడిపోతుందని చెప్పారు. తర్వాత కొందరు దీన్ని మురికినీటి మీద ప్రయోగించారు.

పొడిని రంగునీళ్లలో కలిపి ఎండ తగలనిస్తారు. పొడికి చురుకు పుడుతుంది. నీటి నుంచి, గాలి నుంచి చాలా చురుకైన కణాలు పుట్టిస్తుంది. ఆ కణాలు రంగును ముక్కలు ముక్కలు చేస్తాయి. పని పూర్తయితే రంగు చాలావరకు నీరుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. పొడి మాత్రం ఖర్చు కాదు. పెళ్లిళ్ల పేరయ్య ఊరందరికీ పెళ్లి చేస్తాడు, తాను చేసుకోడు. ఇదీ అంతే. ఇలాంటి దాన్ని ఉత్ప్రేరకం అంటారు.

చిక్కులూ ఉన్నాయి. ఎండలో నూటికి సుమారు 5 పాళ్లే ఈ పొడికి పనికొస్తుంది. నీళ్లు చిక్కటి రంగులో ఉంటే వెలుగు లోపలికి దిగదు. మెత్తని పొడిని మళ్లీ వడకట్టడం కష్టం. అందుకే స్పెయిన్ దేశంలోని అల్మేరియాలో నీళ్లను గాజు గొట్టాల్లో పారించి, అద్దాలతో ఎండను వాటి మీదికి తిప్పి ప్రయోగాలు చేశారు.

“పొడి తెచ్చి కుండలో కలుపుకుంటే సరిపోదా?” అని ఎవరైనా అడగవచ్చు. సరిపోదు. తేటపడ్డ నీళ్లన్నీ తాగే నీళ్లు కావు. ఉప్పులు, లోహాలు అలాగే ఉంటాయి. సగం విరిగిన రంగు ముక్కలు కొన్ని అసలు రంగు కన్నా చెడ్డవి కావచ్చు.

అందుకే నీటిని పరీక్షించాలి. పరీక్ష కాగితంలో సి.ఓ.డి. అనే అంకె ఉంటుంది. నీటిలో మిగిలిన మురికి ఎంతో అది చెబుతుంది. వాగులోకి వదిలే నీటికి ఇది లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. రంగు పోయినా అంకె తగ్గలేదంటే, పని సగమే అయినట్లు.