పేరెఱిగి చేయు ప్రార్థన

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 13:1–3, రోమీయులకు 15:30–32, అపొస్తలుల కార్యములు 28:16, 30, 31.



ఒకనాటి ఉదయమున మా తరగతిలో ప్రార్థన చేయుమని ఒక బాలుని నిలువబెట్టితిని. అతడు కన్నులు మూసికొని, “ప్రభువా, సకల దేశములలోనున్న సకల మిషనరీలను దీవించుము, ఆమేన్” అని చెప్పి కూర్చుండెను. ఆ మాటలలో తప్పేమియు లేదు. పిదప నేనతనిని, “నాయనా, ఆ సకల మిషనరీలలో ఒక్కరి పేరు చెప్పుము” అని యడిగితిని. అతడు తలవంచుకొనెను. తరగతి యంతయు నవ్వెను గాని నాకు నవ్వు రాలేదు. ఏలయనగా ఆ ప్రార్థన అతనికి నేర్పినవాడను నేనే. నేనును అనేక సంవత్సరములు అట్లే ప్రార్థించుచుంటిని. ఆ దినమున నాకు కలిగిన సిగ్గే ఈ పాఠమునకు మూలము.

1. మనము ఋణస్థులము

మొదట మన యూరి సంగతి తలంచుకొందము. తంతి తపాలా ఉద్యోగము మానుకొని కాకినాడ ప్రాంతమున సువార్త ప్రకటించుచుండిన థామస్ గాబ్రియేలు గారు, తనకు తోడు కావలెనని కెనడా బాప్తిస్టులను వేడుకొనెను. ఆ పిలుపు ననుసరించి జాన్ మెక్‌లారిన్ గారు 1874లో సకుటుంబముగా కాకినాడకు వచ్చిరి. 1882లో ఆయనయే మన సామర్లకోటలో బోధకులకు వేదపాఠశాల స్థాపించిరి. అంతకు పూర్వము 1868లోనే తెలుగుదేశమునకు వచ్చిన టింపనీ గారు 1885లో కాకినాడలో కలరా సోకి మరణించిరి.

ఈ కుటుంబముల వెనుక కెనడా దేశమున ప్రార్థించు స్త్రీల సంఘములుండెను. 1878 మొదలు ‘మిషనరీ లింకు’ అను పత్రిక ఇక్కడి యుత్తరములను వారికి చేర్చుచుండెను. గోదావరిని ఎన్నడును చూడని ఆ స్త్రీలు, తమ నోరు తిరుగని మన యూళ్ల పేర్లను ఆ పత్రికలో చదివి దేవుని యెదుట పలికిరి. మన పూర్వుల పేర్లను పలికిన ఆ నోళ్లకు మనము ఋణస్థులము. ఆ ఋణము వారికి తిరిగి చెల్లింపలేము, మఱియొకరికి చెల్లింపగలము.

2. మన తెలుగువారు పంపిన కుటుంబము

మిషనరీలనగా తెల్లవారే యని తలంచు పిల్లలు ఈ సంగతి శ్రద్ధగా వినవలెను. 1860 మొదలు 1911 వఱకు మన హిందూదేశమునుండి సుమారు 1,52,000 మంది ఒప్పందపు కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ఓడలెక్కిరి. వారిలో తెలుగువారు అనేకులు. చెఱకు తోటలలోను తేయాకు తోటలలోను పనిచేయు ఆ జనులలో క్రైస్తవులు కొందఱుండిరి గాని, వారి భాషలో వాక్యము చెప్పు కాపరి లేకుండెను.

అప్పుడు మన తెలుగు బాప్తిస్టు సంఘముల స్వదేశ మిషనరీ సమాజము, నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్య గారిని 1903లో అక్కడికి పంపెను. ఆయన భార్యాబిడ్డలతో సముద్రము దాటెను. ఆ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన కియర్స్‌నీ అను తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. పండ్రెండేండ్లు సేవచేసి 1915లో ఆయన ఆ దేశమందే కన్నుమూసెను.

ఆయనను పంపిన సంఘస్థులలో పెక్కుమంది కూలివాండ్రు, బీద రైతులు. ఓడరేవు వఱకైనను పోనివారు వారిలో ఎందఱో! అయినను అంతియొకయ సంఘము బర్నబాను సౌలును పంపినట్లు, వారు ఒక కుటుంబమును పంపిరి. పంపుటయనగా ఒకనాడు వీడ్కోలు చెప్పుట కాదు, పండ్రెండేండ్లు మఱవకుండుట. పరదేశమున బిడ్డకు జ్వరము వచ్చినపుడు తల్లి ఎవరి తలుపు తట్టవలెను? అమ్మమ్మ గాని మేనమామ గాని లేని చోట పిల్లలు పండుగ ఎట్లు చేసికొందురు? తండ్రి పోయిన పిదప ఆ యిల్లు ఎట్లు నిలుచును? ఇట్టి ప్రశ్నలు మన మనస్సున మెదలినగాని మన ప్రార్థన ఆ గడప చేరినట్లు కాదు.

3. పౌలు నేర్పిన రీతి

పౌలు రోమా సంఘమును ప్రార్థన సహాయము అడుగుచు, “నన్ను దీవింపుమని వేడుడి” అని ఊరకుండలేదు. మూడు సంగతులు స్పష్టముగా వ్రాసెను: యూదయలోని విరోధులనుండి తాను తప్పింపబడవలెను, తాను కొనిపోవు సహాయమును యెరూషలేములోని పరిశుద్ధులు అంగీకరింపవలెను, పిదప తాను సంతోషముతో రోమాకు రావలెను.

ఫలితమేమి? పౌలు యెరూషలేములో పట్టబడెను. ప్రాణము దక్కెను గాని కైసరయలో రెండేండ్లు బంధకములలో నుండెను. త్రోవలో ఓడ పగిలెను. తుదకు రోమాకు చేరెను, సంకెళ్లతో చేరెను. అయినను తన అద్దె యింట రెండేండ్లు ఆటంకము లేక బోధించెను. కావున ప్రార్థనకు జవాబు మనము గీచిన దారినే రావలెనని పట్టుపట్టరాదు. ఆలస్యమైనదని మానుకొనను రాదు.

4. మనము చేయవలసినది

(1) దూరదేశమున సేవచేయు ఒక్క కుటుంబమును ఎంచుకొనుడి. తలిదండ్రుల పేర్లే గాక బిడ్డల పేర్లును వయస్సును ఒక పుస్తకమున వ్రాసికొనుడి.

(2) పటములో వారి యూరు చూడుడి. సామర్లకోటలో ఉదయము ఎనిమిది గంటలైనపుడు నేటాలులో తెల్లవారుజాము నాలుగున్నర. ఆ సమయమున వారేమి చేయుచుందురో ఊహించుడి.

(3) వారమునకు ఒక దినము నియమించుకొని ఇంటిల్లిపాదియు కూడి ప్రార్థించుడి. తలిదండ్రులు ఇందుకు తోడ్పడవలెను.

(4) ఉత్తరము వ్రాసి వారి అవసరములు తెలిసికొనుడి. భాష నేర్చుట, ఆరోగ్యము, బిడ్డల చదువు, భార్యాభర్తల సమాధానము, ఇవన్నియు ప్రార్థింపదగినవే. అయితే ప్రార్థన విషయమని చెప్పి వారి యింటి గుట్టును వీధిలో పెట్టరాదు.

(5) మన తల్లులు వంటకు బియ్యము కొలుచునపుడు ప్రభువు నిమిత్తము పిడికెడు తీసిపెట్టుదురు. ఆ పిడికెడుతో ప్రార్థనయు చేరనిండు. చేయి మూసికొని నోరు మాత్రము తెఱచుట ప్రార్థన యనిపించుకొనదు.

(6) అడిగిన దానికి ఎదురుగా, కలిగిన జవాబును తేదీతో వ్రాయుడి. జవాబు రాని చోటును ఖాళీగా ఉండనిండు. దానిని చూచి మరల అడుగుడి.

తరువాతి వారము ఆ బాలుడే లేచి ఒక కుటుంబము పేరు చెప్పి ప్రార్థించెను. ముగించిన పిమ్మట నా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, వారి చంటిబిడ్డ పేరేమండి?” అని యడిగెను. నాకు తెలియలేదు. ఆ సాయంకాలమే ఉత్తరము వ్రాసితిని. జవాబు ఇంకను రాలేదు. అందాక “ఆ చంటిబిడ్డ” అనియే మేము ప్రార్థించుచున్నాము. పేరు దేవునికి తెలియును గదా!

ప్రశ్నలు

1. మెక్‌లారిన్ గారు మన సామర్లకోటలో ఏమి స్థాపించిరి? ఎప్పుడు?
2. జాన్ రంగయ్య గారిని ఎవరు, ఎవరి మేలు కొఱకు పంపిరి?
3. పౌలు అడిగిన మూడు సంగతులలో ఏది ఏ రీతిగా నెఱవేఱెను?
4. మీరు ప్రార్థించు కుటుంబములోని బిడ్డల పేర్లు చెప్పుడి.