కణానికి నీటి తూములు

పాఠ్యభాగ ఉద్దేశం: జీవకణాల త్వచంలో ఉండే నీటి ద్వారాల స్వరూపాన్ని తెలపడం, రోగనిరోధక కణాల కదలికకు అవి ఏ విధంగా తోడ్పడతాయో వివరించడం.

అనకాపల్లి జిల్లాలోని గొలుగొండ మండలం తూర్పు కనుమల పాదాన ఉంది. దాని పొరుగున నాతవరం మండలంలో తాండవ నదిపై ఒక జలాశయం ఉంది. జలాశయానికి గట్టు ఎంత అవసరమో తూము కూడా అంతే అవసరం. గట్టు నీటిని నిలుపుతుంది. తూము ఆ నీటిని కావలసిన వేళ కావలసిన వైపుకు వదులుతుంది. గట్టు గుండా కొంత నీరు ఊటగా బయటికి వచ్చినా ఆ ఊటతో పొలాలు తడవవు. మానవ శరీరంలోని ప్రతి కణానికీ ఇటువంటి గట్టు ఒకటి ఉంది. అనేక కణాలకు తూములు కూడా ఉన్నాయి. శరీరాన్ని కాపాడే కణాలు గాయం దగ్గరకు సకాలంలో చేరడం కొంతవరకు ఈ తూముల మీదనే ఆధారపడి ఉంటుంది.

కణానికి గట్టు వంటిది కణత్వచం. ఇది ప్రధానంగా రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడుతుంది. నూనె, నీరు కలవవు గనుక నీరు ఈ పొరను దాటడం సులభం కాదు. నీరు త్వచం గుండా కొద్దికొద్దిగా ఊరుతుందని చాలాకాలం భావించేవారు. కాని కొన్ని కణాల విషయంలో ఈ వివరణ సరిపోలేదు. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో మూత్రంగా వెలుపలికి పోయేది లీటరు, రెండు లీటర్లు మాత్రమే. మిగిలినదంతా తిరిగి రక్తంలో చేరుతుంది. ఇంత నీరు ఊట వలన దాటడం అసాధ్యం. కనుక త్వచంలో నీటికి ప్రత్యేకమైన దారి ఉండి తీరాలని కొందరు శాస్త్రజ్ఞులు తలచారు. రుమేనియా శాస్త్రజ్ఞుడు జార్జ్ బెంగా 1986 నాటికే ఎర్ర రక్తకణాలలో అటువంటి ప్రోటీన్ ఉన్నదని సూచించాడు.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ అగ్రే వెతికినది నీటి దారిని కాదు. ఆయన ఎర్ర రక్తకణాలలోని ఆర్‌హెచ్ ప్రోటీన్‌ను పరిశోధిస్తుండగా దానితో పాటు మరొక చిన్న ప్రోటీన్ పదేపదే కనిపించింది. అది నీటికి దారి ఇస్తుందేమోనన్న అనుమానంతో, దానిని తయారుచేసే ఆదేశాన్ని కప్ప అండాలలో ప్రవేశపెట్టి, వాటిని పలుచని లవణ ద్రావణంలో ఉంచారు. ఆదేశం అందని అండాలు యథాతథంగా ఉన్నాయి. అందిన అండాలు నీటిని పీల్చుకొని ఉబ్బి పగిలిపోయాయి. 1992లో వెలువడిన ఈ ప్రయోగం నీటి ద్వారం ఉనికిని నిరూపించింది. ఆ ప్రోటీన్‌కు ఆక్వాపోరిన్ అని పేరు పెట్టారు. ఇందుకు అగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అయానుల ద్వారాలను పరిశోధించిన రోడరిక్ మెకినన్ ఆ బహుమతిని ఆయనతో పంచుకున్నాడు.

ఆక్వాపోరిన్ లోపలి దారి ఎంత ఇరుకైనదంటే నీటి అణువులు ఒకదాని వెనుక ఒకటిగా మాత్రమే నడవగలవు. అయినా ఒక్కొక్క ద్వారం గుండా సెకనుకు సుమారు 300 కోట్ల అణువులు దాటిపోతాయి. మానవులలో ఇటువంటి ప్రోటీన్లు 13 రకాలు ఉన్నాయి. కొన్ని నీటిని మాత్రమే పోనిస్తాయి. మరికొన్ని గ్లిజరాల్ వంటి చిన్న అణువులకు కూడా దారి ఇస్తాయి. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. తూము నీటిని తోడదు, దారి మాత్రమే ఇస్తుంది. లవణాల వంటి కరిగిన పదార్థాలు ఎటు ఎక్కువగా ఉంటే నీరు అటు ప్రవహిస్తుంది. దీనినే ద్రవాభిసరణం అంటారు.

ఇక కణాల కదలికను పరిశీలిద్దాం. నాట్ల వేళ పొలంలో దిగిన కూలీ కాలిలో ముల్లు గుచ్చుకున్నదనుకుందాం. ముల్లుతో పాటు బురదలోని సూక్ష్మజీవులు శరీరంలో ప్రవేశిస్తాయి. దెబ్బతిన్న కణజాలం నుండి రసాయన సంకేతాలు వెలువడతాయి. మొదటగా స్పందించేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. ఎముక మజ్జ వీటిని రోజుకు సుమారు పదివేల కోట్ల చొప్పున తయారుచేస్తుంది. ఇవి రక్తనాళపు గోడలోని సన్నని సందుల గుండా దూరి, సంకేతం వచ్చిన దిక్కుగా పాకుతూ గాయాన్ని చేరుకుంటాయి. అవి ఆలస్యం చేస్తే సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. చిన్న గాయమే ప్రాణాపాయానికి దారితీయవచ్చు.

పాకే కణం తన ముందు భాగాన్ని చాచి, నేలను పట్టుకొని, వెనుక భాగాన్ని లాక్కుంటుంది. కణంలోని ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పెరిగి త్వచాన్ని ముందుకు నెట్టడమే దీనికి ప్రధాన కారణం. అయితే నీటికి కూడా ఇందులో పాత్ర ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2002లో తెలిపారు. న్యూట్రోఫిల్ ముందు అంచున ఆక్వాపోరిన్-9 చేరుతుంది. అక్కడ నీరు లోపలికి రాగా త్వచం కొద్దిగా ఉబ్బి, దాని వెనుక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి ఆక్టిన్ పోగులు పెరుగుతాయి. అనగా నీరు చోటు కల్పిస్తుంది, ఆక్టిన్ ఆ చోటును నిలబెడుతుంది. సంకేతం అందుకున్న న్యూట్రోఫిల్స్ లవణాలను, వాటి వెంట నీటిని లోనికి తీసుకొని ఉబ్బుతాయనీ, ఆ ఉబ్బు వాటి వేగానికి తోడ్పడుతుందనీ 2024లో ప్రచురితమైన మరొక పరిశోధన వెల్లడించింది.

ఈ ద్వారాలు లేకపోతే ఏమవుతుంది? ఆక్వాపోరిన్-3 లేని ఎలుకలపై జరిపిన పరిశోధన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. వాటి స్థూలభక్షకాలు చురుకుగా కదలలేకపోయాయి, సూక్ష్మజీవులను సరిగా మింగలేకపోయాయి. ఉదరంలో సూక్ష్మజీవులు సోకినప్పుడు ఆ ఎలుకలు అధిక సంఖ్యలో మరణించాయి. ఆరోగ్యవంతమైన ఎలుకల స్థూలభక్షకాలను అందించినప్పుడు ఎక్కువ ఎలుకలు బతికాయి. మరుసటి ఏడాది టి-కణాలపై జరిగిన పరిశోధన మరొక మలుపును చూపింది. ఆ కణాల కదలికకు ఆక్వాపోరిన్-3 అవసరమే; కాని అక్కడ ముఖ్యమైనది నీరు కాదు, అదే ద్వారం గుండా లోనికి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్. కనుక ఒకే ద్వారం వేర్వేరు కణాలలో వేర్వేరు పనులు చేయవచ్చు.

ఈ తూములు శరీరానికే సొంతం కావు. గొలుగొండకు పైనున్న మన్యంలో తరతరాలుగా ప్రజలను పీడించిన మలేరియా పరాన్నజీవికి సైతం ఒక ఆక్వాపోరిన్ ఉన్నదని 2002లో తేలింది. అది నీటిని, గ్లిజరాల్‌ను పరాన్నజీవికి అందిస్తుంది. అందుచేత శత్రువు ద్వారాన్ని మూసి, శరీరపు ద్వారాలను తెరిచి ఉంచగల మందు దొరికితే ఎంతో మేలు కలుగుతుంది. అయితే ఆ పని సులభం కాదు. పాదరస లవణాలు కొన్ని ఆక్వాపోరిన్లను మూయగలవు, కాని పాదరసం విషం. అంతేగాక మూత్రపిండం, మెదడు, కన్ను మొదలైన అవయవాలన్నీ ఈ ద్వారాల మీదనే ఆధారపడి ఉన్నాయి. ఒకచోట మూసిన తూము మరొకచోట కరువును తేగలదు. కీళ్లవాతం వంటి వ్యాధులలో రోగనిరోధక కణాలు అవసరం లేనిచోట చేరి హాని చేస్తాయి. అక్కడ వాటిని నెమ్మదింపజేయాలి. గాయం దగ్గర వేగిరపరచాలి. ఏ కణంలో, ఏ సమయాన, ఏ ద్వారం అన్న వివేచనే ఈ పరిశోధనకు ప్రాణం.

పదాలు – అర్థాలు

త్వచం = పలుచని పొర
తూము = చెరువు లేదా జలాశయం నీటిని వదిలే దారి
స్థూలభక్షకాలు = సూక్ష్మజీవులను మింగే పెద్ద రక్షక కణాలు
పరాన్నజీవి = మరొక జీవిపై ఆధారపడి బతికేది
వివేచన = మంచిచెడులను వేరుచేసి తెలుసుకోవడం

ప్రశ్నలు

1. కణత్వచాన్ని గట్టుతోనూ, ఆక్వాపోరిన్‌ను తూముతోనూ పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. కప్ప అండాలపై జరిగిన ప్రయోగం ఏమి నిరూపించింది?
3. న్యూట్రోఫిల్ కదలికలో నీటి పాత్ర, ఆక్టిన్ పాత్ర ఎట్టివి?
4. ఆక్వాపోరిన్లను మూసే మందుల తయారీలో ఎదురయ్యే చిక్కులు ఏవి?