అవసానవేళ శివగానసేవ

వీరశైవ ధర్మమున మరణము సూతకము కాదు, అది లింగైక్యము. అందువలననే లింగైక్యులైన వారిని భజనతో సమాధివరకు సాగనంపుట ఆచారమైనది. కాని ఆ పాట వినదగినవాడు ఇంకను వినగలిగిన దినములలో అనేక గృహములందు ఆయన గది మూగవోవుచున్నది. వెలుపల బంధువుల గుసగుసలు, లోపల ఒంటరితనము.

బసవేశ్వరుడు ఒక వచనమున తన దేహమునే వీణగా చేసి వాయింపుమని కూడలసంగమదేవుని వేడెను. మరియొక వచనమున తనకు తాళమానములు తెలియవనియు, ప్రేమకొలది పాడుదుననియు విన్నవించెను. రోగి మంచముచెంత పాడువారికి ఈ ఉపదేశము చాలును. విద్వత్తు అక్కరలేదు.

వైద్యలోకమును ఈ మార్గమును గుర్తించినది. 1967లో లండనున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్, మరణాసన్నుని బాధ దేహమునందే గాక మనస్సునందును, ఆత్మచింతనయందును ఉండునని బోధించెను. 1978లో కెనడాకు చెందిన సూసన్ మన్రో, బాల్ఫర్ మౌంట్ ఉపశమన చికిత్సలో సంగీతమును గూర్చి వ్యాసము ప్రకటించిరి. 2020లో ఆ దేశపు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, పలుకరించినను బదులీయలేని స్థితిలోని కొందరి మెదడు సైతము ధ్వనులకు స్పందించుటను గమనించిరి.

సేవావిధానము సులభము. మొదట రోగి ఇష్టమును అడుగవలయును. వేములవాడ రాజన్న పాట కావచ్చును. పాల్కురికి సోమనాథుని బసవపురాణ ద్విపద కావచ్చును. ఆదిలాబాదు సరిహద్దున మరాఠీ ఎరిగిన ఇండ్లలో మన్మథస్వామి అభంగము కావచ్చును. చిన్ననాటినుండి చెవికి అలవాటైనదే మేలు. రోగి శ్వాసను గమనించుచు, మెల్లని గొంతుతో కొంతసేపే పాడవలయును. మైకు, డోలు వలదు. నుదురు చిట్లించినను, మొగము త్రిప్పుకొన్నను ఆపవలయును. చేయి పట్టుకొని మౌనముగా కూర్చుండుటయు సేవయే. దుబాయిలోనున్న కుమారుడు ఫోనులో పాడినచో దానిని తండ్రి చెవిచెంత నుంచవచ్చును.

అయితే పాట ఔషధమునకు బదులు కాదు. తీవ్రమైన నొప్పికి వైద్యుల పర్యవేక్షణలో మార్ఫిన్ వంటి మందు ఇప్పించుట కుటుంబము విధి. నొప్పి తగ్గిననే పాట లోనికి చేరును. ఇంటియొద్ద చూచుకొనుట కష్టమైనచో ఉపశమన చికిత్స గూర్చి జిల్లా ఆసుపత్రిలో విచారింపవలయును.

అన్నదానమువలెనే స్వరదానమును దాసోహమే. జంగమస్వాములును, మఠముల భజనమండలులును సమాధికార్యమునకు పిలుపు వచ్చువరకు వేచియుండక, మంచముపట్టిన భక్తుని ఇంటికి ముందుగానే వెళ్ళుట యుక్తము. లింగైక్యానంతర భజన బంధువులను ఓదార్చును. అంతకుముందటి పాట పోవువానికి తోడగును.