జనసమ్మర్దంలో సొమ్మసిల్లడం

విజయవాడ నుండి మచిలీపట్నం వెళ్ళే దారిలో ఉన్న ఉయ్యూరు పట్టణంలో ఏటా మాఘమాసంలో వీరమ్మతల్లి తిరునాళ్ళు పదిహేను రోజులపాటు వైభవంగా జరుగుతాయి. చుట్టుపక్కల గ్రామాలనుండి ఆబాలగోపాలం తరలివస్తారు. అమ్మవారి గుడి ముందు, అంగళ్ళ మధ్య ఇసుక వేస్తే రాలనంత జనం. ఇటువంటి తిరునాళ్ళలో గాని, సినిమా పాటల విభావరులలో గాని, అంతవరకు హుషారుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి కుప్పకూలిపోవడం అప్పుడప్పుడు కనబడే దృశ్యమే. చూసినవారు తలొక మాట అంటారు. దిష్టి తగిలిందని ఒకరు, అమ్మ పూనిందని ఒకరు, పిరికిగుండె అని మరొకరు. “పొద్దుటినుంచి ఏమీ తిని ఉండదు” అని ఒక పెద్దమ్మ అంటుంది. వీరందరిలో వైద్యశాస్త్రం పెద్దమ్మ పక్షాన నిలుస్తుంది.

పాశ్చాత్య దేశాలలో పాప్ సంగీత సభలు ఇందుకు పేరుపడ్డాయి. తమ అభిమాన గాయకుణ్ణి చూసిన ఆనందం పట్టలేకనే యువతీయువకులు మూర్ఛపోతారని పత్రికలు రాసేవి. జర్మనీలోని బెర్లిన్ నగరంలో ‘న్యూ కిడ్స్ ఆన్ ది బ్లాక్’ అనే అమెరికా గాయకబృందం ఇచ్చిన సభలో సుమారు 400 మంది సొమ్మసిల్లారు. తోమస్ లెంపర్ట్, మార్టిన్ బావర్ అనే వైద్యులు వారిలో 40 మందిని స్వయంగా ప్రశ్నించి, తాము గ్రహించిన విషయాలను 1995లో ప్రకటించారు. బాధితులలో అత్యధికులు పదిహేడేళ్ళలోపు బాలికలు. ముందురోజు రాత్రి సరిగా నిద్రపోలేదు. మంచి స్థలం దొరకాలని తెల్లవారినప్పటినుండి వరుసలో నిలబడ్డారు. స్థలం పోతుందన్న భయంతో భోజనానికి కూడా కదలలేదు. అంటే పాట మొదలయ్యేనాటికే వారి దేహాలు సగం ఓడిపోయి ఉన్నాయి.

దేహం ఎందుకు ఓడిపోతుందో తెలియాలంటే మనిషి నిలబడినప్పుడు ఏమి జరుగుతుందో చూడాలి. పడుకున్న మనిషి లేచి నిలబడగానే అరలీటరుకు పైగా రక్తం భూమ్యాకర్షణవల్ల కాళ్ళలోకి, పొత్తికడుపులోకి దిగిపోతుంది. దానిని తిరిగి గుండెకు చేర్చే పనిలో పిక్కల కండరాలది ముఖ్యపాత్ర. మనిషి నడుస్తున్నంతసేపూ అవి సంకోచిస్తూ, వ్యాకోచిస్తూ రక్తాన్ని పైకి తోడుతాయి. అందుకే వాటిని ‘రెండవ గుండె’ అంటారు. కదలడానికి చోటులేని గుంపులో గంటల తరబడి నిలబడినప్పుడు ఈ రెండవ గుండె ఆగిపోయినట్లే. దీనికి ఉక్క తోడవుతుంది. విశ్రాంతిగా ఉన్న మనిషి శరీరమే ఇంచుమించు 100 వాట్ల బల్బంత వేడిని వెలువరిస్తుంది. అటువంటి వేలాది దేహాలు ఒకదానికొకటి ఆనుకొని నిలిచినచోట, అందులోనూ కృష్ణా డెల్టావంటి తేమగాలి ప్రాంతంలో, పట్టిన చెమట ఆరదు. ఒంటిని చల్లబరచుకోవడానికి చర్మంలోని రక్తనాళాలు విప్పారుతాయి. మరికొంత రక్తం అటు మళ్ళుతుంది. చెమట రూపంలో నీరూ తగ్గుతుంది. గుండెకు చేరే రక్తమే తక్కువైనప్పుడు గుండె మెదడుకు పంపగలిగినదీ తక్కువే.

మెదడు బరువు దేహంలో రెండు శాతమే అయినా గుండె పంపే రక్తంలో సుమారు 15 శాతం దానికే కావాలి. ఆ సరఫరా ఆరేడు సెకన్లు ఆగితే చాలు, స్పృహ తప్పుతుంది.

ఇక గాయకుడు వేదికమీదికి వస్తాడు. అభిమానులు ఊపిరి బిగపట్టి కేకలు వేస్తారు. అలా బిగపట్టి అరిచినప్పుడు రొమ్ములోపలి ఒత్తిడి పెరిగి, గుండెకు తిరిగివచ్చే రక్తం ఆ కాసేపూ అడ్డగింపబడుతుంది. వెనుకనుండి తోసే జనం కూడా ఛాతీమీద అదే పని చేస్తారు. ఉద్వేగంలో వేగంగా ఊపిరి తీసినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గి, మెదడులోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. వేళ్ళు తిమ్మిరెక్కడం, తల తేలిపోవడం దీని లక్షణాలే. కొందరిలో వేగస్ నాడి అతిగా స్పందించడంవల్ల గుండె వేగం ఒక్కసారిగా మందగించి, రక్తపోటు పడిపోతుంది. కళ్ళు బైర్లు కమ్ముతాయి, చెవులు గింగురుమంటాయి, చల్లని చెమటలు పోస్తాయి, మనిషి కూలిపోతాడు. అయితే బెర్లిన్‌లో వైద్యులు ప్రశ్నించినవారందరూ పూర్తిగా స్పృహ కోల్పోలేదు. కొందరిది తీవ్రమైన భయావేశం మాత్రమే. అదీ నటన కాదు. ఆడపిల్లల విషయంలో “అదంతా వేషం” అనే మాట లోకంలో తేలికగా వినబడుతుంది గనుక దీనిని చెప్పుకోవలసి వచ్చింది.

సంగీతం లేనిచోట కూడా ఇదే జరుగుతుంది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు ఎండలో నిటారుగా నిలబడిన పాఠశాల విద్యార్థులు పడిపోవడం ప్రతి ఊరివారూ ఎరుగుదురు. 2023 జూన్‌లో లండన్ నగరంలో రాజసైనిక కవాతు పూర్వాభ్యాసంలో ఉన్నిదుస్తులు ధరించిన సైనికులు యువరాజు ఎదుటనే ఎండకు తాళలేక కూలిపోయారు. వారిని ఎవరూ పిరికివారనలేదు.

నిజానికి సొమ్మసిల్లడం ప్రకృతి కల్పించిన రక్షణ వంటిది. మనిషి నేలమీద వాలగానే తలా గుండే ఒకే మట్టానికి వస్తాయి, మెదడుకు రక్తం అందుతుంది, సాధారణంగా నిమిషం రెండు నిమిషాలలో తెలివి వస్తుంది. ఈ రక్షణ పనిచేయడానికి కావలసింది ఆరడుగుల నేల. గుంపులో కరువైనది అదే. చదరపు మీటరుకు ఆరుగురికి మించి జనం కిక్కిరిసినప్పుడు ఎవరి అడుగు వారి అధీనంలో ఉండదు. జనమంతా ప్రవాహంలా ఊగుతారు. అక్కడ స్పృహ తప్పినవారు కిందపడితే కాళ్ళపాలు. పడకపోతే మరీ ప్రమాదం. ఇరువైపుల ఒత్తిడికి నిలువునా ఇరుక్కుపోయిన దేహంలో తల పైనే ఉండిపోతుంది, మెదడుకు రక్తం అందదు. తొక్కిసలాటలుగా చెప్పబడే ప్రమాదాలలో అనేకులు మరణించేది తొక్కుడువల్ల కాదు, ఛాతీ కదలక ఊపిరాడకపోవడంవల్ల.

ఒకరి అస్వస్థత పలువురి ప్రాణాలమీదికి రావడం తెలుగునాట ఇటీవలనే జరిగింది. 2025 జనవరి 8వ తేదీన తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం భక్తులు పగటినుండి నిరీక్షించారు. రాత్రివేళ బైరాగిపట్టెడ కేంద్రంవద్ద అస్వస్థతకు లోనైన ఒక మహిళను వెలుపలికి తీసుకురావడానికి గేటు తెరచారనీ, టోకెన్లు ఇవ్వడానికే తెరచారనుకొని జనం ఒక్కసారిగా తోసుకువచ్చారనీ నాటి వార్తాకథనాలు తెలిపాయి. ఆ దుర్ఘటనలో ఆరుగురు మరణించారు. సొమ్మసిల్లినవారిని బయటికి చేర్చే దారి, జనం లోపలికి వచ్చే దారి ఒకటే కావడంలోని అపాయం ఇది. పెద్ద సంగీతసభలలో వేదికకూ జనానికీ మధ్య కంచె కట్టి, దాని వెనుక ఖాళీ స్థలం విడిచిపెడతారు. నీరసించినవారిని సిబ్బంది కంచె మీదుగా ఎత్తి ఆ వైపుకు దించుతారు. ముందువరుసలవారికి మంచినీళ్ళు అందించేదీ అక్కడినుండే.

పడిపోయిన మనిషి విషయంలో సదుద్దేశంతోనే ఎన్నో పొరపాట్లు జరుగుతుంటాయి. రెండు భుజాలూ పట్టి లేపి కూర్చోబెట్టడం వాటిలో మొదటిది. దేహం చేసుకుంటున్న చికిత్సను అది చెడగొడుతుంది. స్పృహలేనివారి నోట్లో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోవచ్చు. తాళాలగుత్తి చేతిలో పెట్టడంవల్ల, ఉల్లిపాయ వాసన చూపడంవల్ల ఒరిగేదేమీ లేదు. వాటికోసం చుట్టూ మూగేవారు గాలిని అడ్డగించడమే మిగులుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళను అడుగెత్తు లేపి పట్టుకొని, బిగుతైన దుస్తులు వదులు చేస్తే చాలు. కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయని ముందే తోచినవారు కూర్చోవాలి. కూర్చోవడానికి చోటు లేకపోతే కాళ్ళు పెనవేసి తొడలను గట్టిగా బిగించినా, పిడికిళ్ళు బిగించినా రక్తపోటు కొంత నిలుస్తుంది. రెండు నిమిషాలైనా తెలివి రాకపోయినా, ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతున్నా అది మామూలుగా సొమ్మసిల్లడం కాదు. వడదెబ్బ కావచ్చు. అప్పుడు 108కి ఫోను చేసి, వాహనం వచ్చేలోగా రోగి ఒళ్ళంతా తడిపి విసురుతూ ఉండాలి.