బొమ్మ వీరుడి కండలు – మన పిల్లల అద్దాలు

మనిషికి రెండు ఒళ్ళు ఉంటాయంటే నవ్వొస్తుంది గానీ, అది నిజం. ఒకటి అద్దంలో కనిపించేది. రెండోది మనసులో మోసుకు తిరిగేది. ఈ రెండోదాన్ని మనస్తత్వ శాస్త్రంలో 'దేహభావన' అంటున్నారు. రెండూ ఒకే రకంగా ఉండాలన్న నియమమేమీ లేదు. రివటలా ఉన్న పిల్ల తాను లావైపోయానని అన్నం తగ్గించేస్తుంది. ఏ జబ్బూ లేని కుర్రాడు తన చేతులు పుల్లల్లా ఉన్నాయని ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పడు.

ఈ రెండో ఒంటిని తయారు చేసేదెవరు? అమ్మానాన్నలు కొంత, ఇరుగుపొరుగు కొంత, తోటిపిల్లలు చాలా. వీళ్ళతో పాటు, అక్షరాలు రాకముందు నుంచే పిల్లలు చూసే బొమ్మల సినిమాల వీరులు కూడా ఉన్నారు. వారి పాత్ర ఏపాటిదన్నదే ఈ వ్యాస విషయం.

ఈ చర్చకు మన నగరం తగిన చోటు. దేశమంతా పిల్లలు చూసే 'ఛోటా భీమ్' పుట్టింది హైదరాబాదులోనే. రాజీవ్ చిలక 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ నుంచి ఈ భీముడు 2008లో పోగో ఛానెల్ ద్వారా ఇళ్ళలోకి వచ్చాడు. అంతకుముందే 2006లో వచ్చిన 'కిట్టు' అనే తెలుగు యానిమేషన్ చిత్రానికి జాతీయ పురస్కారం దక్కింది. కనుక ఈ బొమ్మ వీరులంతా ఎక్కడో అమెరికాలో పుట్టి మన మీద పడ్డవాళ్ళని చెప్పి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. వాళ్ళను గీసే పెన్సిళ్ళు మన దగ్గరా ఉన్నాయి.

బొమ్మకు ఒళ్ళు ఎలా వస్తుంది?

సినిమా నటుడి ఒంటికి పుట్టుక, తిండి, వయసు అని ఎన్నో కారణాలుంటాయి. బొమ్మకు అవేవీ లేవు. అందులో ప్రతి గీతా ఎవరో ఒకరు ఆలోచించి గీసినదే. చిత్రకారులు ఒంటిని తలతో కొలుస్తారు. పెరిగిన మనిషి ఎత్తు సుమారు ఏడు, ఏడున్నర తలలు. వీరుడి దగ్గరికొచ్చేసరికి ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా సాగదీస్తారు. భుజాలు వెడల్పు చేసి, నడుము నొక్కేస్తారు. చిన్నపిల్లల పాత్రలకైతే తల పెద్దది చేసి, మొత్తం ఎత్తును రెండు మూడు తలలకు కుదిస్తారు. గుండ్రని ఆకారం మెత్తదనానికి, పలక ఆకారం బలానికి, కొసదేలిన త్రికోణం దుష్టత్వానికి గుర్తు. నోరు విప్పకముందే, నీడ చూసి పాత్రను పోల్చుకోగలగాలి. ఇది ఆ వృత్తిలో మొదటి పాఠాల్లో ఒకటి.

వృత్తి అవసరానికి వ్యాపారం తోడైంది. 1982లో మాటెల్ కంపెనీ 'హీ-మ్యాన్' ఆటబొమ్మల్ని అమ్మకానికి పెట్టింది. మరుసటి ఏడు ఆ బొమ్మల ఆధారంగా ఫిల్మేషన్ సంస్థ కార్టూన్ సీరియల్ తీసింది. ఆ వరుసలో చాలా బొమ్మలకు మొండెం ఒకటే అచ్చు. తల మార్చి, రంగు మార్చి, చేతికి ఇంకో ఆయుధమిస్తే ఇంకో పాత్ర తయారు. అందరికీ అవే కండలు ఉండటానికి కారణం తపస్సూ కాదు, సాధనా కాదు. అచ్చు ఖర్చు!

ఈ కండలు ఏటికేడాది పెరిగాయి కూడా. అమెరికాలో హారిసన్ పోప్, ఆయన సహచరులు 1999లో ప్రచురించిన పరిశోధనలో 'జి.ఐ. జో' అనే సైనికుడి బొమ్మల్ని టేపు పెట్టి కొలిచారు. బొమ్మను నిలువెత్తు మనిషంత పెంచి లెక్క వేస్తే 1964 నాటి బొమ్మకు దండ చుట్టుకొలత సుమారు 12 అంగుళాలు. 1990ల చివర వచ్చిన ఒక రకం బొమ్మకు అది 26 అంగుళాలు దాటింది. ఎందరో ఆడపిల్లల నడుము కొలత అంత ఉంటుంది. అలాంటి చేయి ఏ వ్యాయామశాలలోనూ తయారు కాదు. అయినా అయిదేళ్ళ పిల్లవాడి లెక్కలో మగవాడి చేయి అంటే అదే.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

మనిషి తనను తాను ఇతరులతో పోల్చుకుని అంచనా వేసుకుంటాడని లియోన్ ఫెస్టింజర్ 1954లో సిద్ధాంతం చేశాడు. పోలిక పక్కింటి పిల్లవాడితో అయితే తేడా అంగుళాల్లో ఉంటుంది. బొమ్మతో అయితే అందుకోలేనంత ఉంటుంది.

ఇంగ్లండులో హెల్గా డిట్మార్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో 5 నుంచి 8 ఏళ్ళ ఆడపిల్లలు 162 మందిని తీసుకున్నారు. కొందరికి బార్బీ బొమ్మల చిత్రాలున్న పుస్తకం, కొందరికి మామూలు లావున్న ఎమ్మీ అనే బొమ్మ చిత్రాలు, మిగిలినవారికి ఏ బొమ్మా లేని చిత్రాలు చూపారు. బార్బీని చూసిన చిన్నపిల్లల్లో తమ ఒంటి మీద తృప్తి తగ్గి, ఇంకా సన్నబడాలన్న కోరిక పెరిగింది.

అయితే ఒక పక్క సాక్ష్యం చూపించి ఊరుకోవడం న్యాయం కాదు. అమెరికాలో షారన్ హేస్, స్టేసీ టాంట్లెఫ్-డన్ 2010లో 3 నుంచి 6 ఏళ్ళ ఆడపిల్లలు 121 మందికి యానిమేషన్ చిత్రాల్లోని రాజకుమార్తెల ఘట్టాలు చూపించారు. చూసిన వెంటనే వాళ్ళ దేహభావనలో మార్పేమీ కనిపించలేదు. కానీ అదే అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. ఆ పసిపిల్లల్లో దాదాపు సగం మంది లావైపోతామేమోనని అప్పటికే దిగులు పడుతున్నారు! అంటే ఆ దిగులు ఆ పూట సినిమా తెచ్చింది కాదు. ఇంట్లోంచే వెంట తెచ్చుకున్నది.

ఫిజీ దీవుల ఉదంతం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడ ఒళ్ళు నిండుగా ఉండటమే అందం. 1995లో ఒక ప్రాంతానికి టెలివిజన్ వచ్చింది. మూడేళ్ళ తర్వాత ఆన్ బెకర్ బృందం చూస్తే, తిండి విషయంలో అస్తవ్యస్త ధోరణులున్న బడి ఆడపిల్లలు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. అది బొమ్మల సినిమాల గురించిన అధ్యయనం కాదు. కానీ తరతరాల అందం కొలత కూడా మూడేళ్ళలో కదిలిపోగలదని మాత్రం చెబుతోంది.

వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. ఒక సినిమా, ఒక పూట పిల్లవాణ్ణి పాడు చెయ్యవు. రోజూ చూసే బొమ్మ, దాని పక్కన రోజూ వినే మాట – ఈ రెండూ కలిస్తేనే దెబ్బ తగులుతుంది.

భీముడూ, కాలియా

నేను అశోక్ నగర్‌లో ఉంటూ, సాయంత్రాలు ఏడెనిమిది మంది పిల్లలకు ట్యూషన్ చెబుతాను. అందులో ఐదో తరగతి చదివే ఒక బొద్దు పిల్లవాడున్నాడు. వాడి అసలు పేరు మిగిలిన పిల్లల నోట నేనెప్పుడూ వినలేదు. అందరికీ వాడు 'కాలియా'. మొదట్లో వాడూ నవ్వేవాడు. పోనుపోను బడి నుంచి తెచ్చిన టిఫిన్ డబ్బా సగం నిండుగానే ఉండటం చూశాను. "ఏంరా, తినలేదా?" అంటే, "తింటే ఇంకా కాలియా అయిపోతా సార్" అన్నాడు.

ఈ పేరెక్కడిదో చూడండి. ఛోటా భీమ్ ఒళ్ళు నిజానికి ప్రమాదకరమైనదేమీ కాదు. చొక్కా లేని మామూలు పిల్లవాడు, పెద్ద తల, కండలు తిరిగిన ఛాతీ లేదు. పైగా లడ్డూ తింటే బలం వస్తుందంటాడు. తిండికి భయపడమని చెప్పడు. చిక్కంతా పక్క పాత్రతో ఉంది. ఢోలక్‌పూర్‌లో లావుపాటి పిల్లవాడు కాలియా. వాడే గొప్పలు పోయేవాడు, అసూయపడేవాడు, ఎపిసోడు చివర నలుగురిలో నవ్వులపాలయ్యేవాడు. పేరులోనే హిందీలో నలుపన్న ధ్వని ఉంది. కండలు పెంచమని కథ ఎక్కడా చెప్పలేదు. లావుగా ఉన్నవాడు ఏ పక్షమో మాత్రం చెప్పేసింది. పిల్లలకు ఆ ఒక్క ముక్క చాలు. తరగతిలో ఒకడికి ఆ పేరు పెట్టేస్తారు.

కాబట్టి బొమ్మ వీరుడు ఎంత కండపుష్టిగా ఉన్నాడన్నది ఒక్కటే కాదు మనం చూడాల్సింది. ఏ రకం ఒంటికి కథ ఏ గుణాన్ని అంటగట్టింది, ఏ ఒంటిని చూసి నవ్వమంది – అసలు పాఠం అక్కడ ఉంది.

మన కథల్లో బలం

ఒకప్పుడు మనకు బలమంటే పలకలు తేరిన పొట్ట కాదు. 1957 నాటి 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుణ్ణి తలచుకోండి. భారీ మనిషి, నిండు బొజ్జ. ఆయన్ను చూసి పిల్లలు నవ్వుతారు గానీ, ఎగతాళిగా కాదు, ముద్దుగా. తిండి ఆయన గొప్పతనంలో భాగం. 1967 'భక్త ప్రహ్లాద'లో అదే రంగారావు హిరణ్యకశిపుడు. ఆ భయమంతా గొంతులో, నడకలో ఉంది. ఎదురుగా నిలిచిన ప్రహ్లాదుడు రోజారమణి అనే చిన్న ఆడపిల్ల. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటే, బలం ఆ అడుగులోనే తెలుస్తుంది.

యానిమేషన్‌లోనూ ఈ దారి మూసుకుపోలేదు. సింగీతం శ్రీనివాసరావు 2008లో 'ఘటోత్కచ్' తీశారు. అందులో బొద్దు పిల్లవాడే వీరుడు. యుగో సాకో, కోయిచి ససాకి, రామ్ మోహన్ దర్శకత్వంలో 1993లో తయారైన జపాన్-భారత రామాయణ చిత్రం 2025 జనవరిలో తెలుగులో కూడా థియేటర్లకొచ్చింది. అందులో రాముడు సన్నని మనిషి. విల్లు ఎక్కుపెడితే ఆ సన్నదనం మీదే గౌరవం పుడుతుంది. అదే ఏడు జులైలో అశ్విన్ కుమార్ దర్శకత్వంలో 'మహావతార్ నరసింహ' వచ్చి, భారతీయ యానిమేషన్ చిత్రాల్లో అత్యధిక వసూళ్ళు సాధించింది. అక్కడ దేవుడికీ, రాక్షసుడికీ ఇద్దరికీ చెక్కినట్లున్న కండలే. ఆ చిత్రాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఉగ్రనరసింహుడు సన్నగా ఉండాలని ఎవరూ అనరు. కానీ ఆ కథలో ఎవరికీ లొంగనివాడు ప్రహ్లాదుడు. కండ అన్నది లేని పసివాడు. ఇంటికొచ్చిన పిల్లలు గర్జన ఒక్కటే అనుకరిస్తే, కథలో సగమే వాళ్ళకు అందిందన్నమాట.

క్రాస్ రోడ్స్ నుంచి అశోక్ నగర్ దాకా

పిల్లవాడి చూపు పెరిగినకొద్దీ బొమ్మ తెర దిగి వీధిలోకొస్తుంది. చిక్కడపల్లి దాటి ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్‌కు వెళితే, థియేటర్ల ముందు కట్టిన కటౌట్లలో హీరో మేడంత ఎత్తున నిలబడి ఉంటాడు. నారాయణగూడ వైపు వస్తే జిమ్ముల బోర్డులు. వాటి మీద ఉన్నది మనిషో, కంప్యూటర్‌లో దిద్దిన బొమ్మో పోల్చడం కష్టం. అశోక్ నగర్ సందుల్లో కోచింగ్ సెంటర్ల పక్కనే డబ్బాల్లో పొడులు అమ్మే దుకాణాలు. ఇంటి నుంచి నెలకు వచ్చే డబ్బుల్లో మెస్సు బిల్లు ఎగ్గొట్టి ఆ డబ్బా కొన్నవాళ్ళను నేనెరుగుదును. పప్పు, గుడ్డు, పల్లీలు, పాలు ఇవ్వలేని మాంసకృత్తులు ఆ డబ్బాలో ఏమీ లేవు. ధర మాత్రం ఉంది.

పొడితో ఆగితే నష్టం జేబుకే. కొందరు తొందరపడి స్టెరాయిడ్ సూదుల దాకా పోతున్నారు. ఎదిగే వయసులో వాటిని వాడితే ఎముకల చివర ఉండే పెరుగుదల పలకలు ముందుగానే మూసుకుపోవచ్చు. దాంతో ఎత్తు ఆగిపోతుంది. గుండె, కాలేయం, సంతాన శక్తి దెబ్బతినే ప్రమాదం సరేసరి. ఇక్కడ మన పేటకు ప్రత్యేకంగా వర్తించే మాట ఒకటుంది. తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో పురుష అభ్యర్థులకు సాధారణంగా అడిగే కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లు. బొమ్మలాంటి దండ కోసం పదహారేళ్ళకు సూది వేయించుకున్నవాడు, ఇరవయ్యేళ్ళకు ఆ కొలబద్ద కింద అర సెంటీమీటరు తక్కువై నిలబడే పరిస్థితి రావచ్చు. కొలబద్దకు కండలు కనిపించవు.

ఏం చెయ్యవచ్చు?

పిల్లల్ని బొమ్మల సినిమాలు చూడనివ్వకపోవడం పరిష్కారం కాదు. సాధ్యమూ కాదు. పక్కన కూర్చుని చూడటం సాధ్యమే. చూస్తూ మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఈ కథలో లావుగా ఉన్నవాడు ఎవరు, వాడు ఎప్పుడైనా మంచి పని చేశాడా? వీరుడి కండలు తీసేస్తే కథ నడుస్తుందా, ఆగిపోతుందా? నువ్వే గీస్తే ఈ వీరుణ్ణి ఎలా గీస్తావు?

మూడో ప్రశ్నకు కాగితం, పెన్సిలు చేతికివ్వాలి. నా ట్యూషన్ పిల్లలకు ఇచ్చి చూశాను. ఒకడు కళ్ళజోడు వీరుణ్ణి గీశాడు. ఒక అమ్మాయి రెండు జడల నల్లపిల్లను గీసి, చేతికి గద ఇచ్చింది. బొమ్మ ఒళ్ళు ఎవరో గీసినదే, ఇంకోలా కూడా గీయవచ్చు అన్న తెలివి ఒక్కసారి వస్తే, ఆ బొమ్మతో తనను పోల్చుకోవడం తగ్గుతుందని నా నమ్మకం.

పెద్దల వంతు ఇంకోటుంది. 'గుండు', 'బక్కోడు', 'నల్లపిల్ల', 'కాలియా' – ఈ పిలుపులు మనకు ముద్దు. వినేవాడికి మాత్రం అవే కొలతలు. ఇంట్లోనూ, తరగతిలోనూ పిల్లల్ని పేరు పెట్టి పిలవడానికి ఖర్చేమీ కాదు.

విద్యార్థి మిత్రులారా! మనలో ఎంతోమంది ట్యూషన్లు చెబుతున్నాం. ఎన్.ఎస్.ఎస్. కార్యక్రమాల్లో బస్తీలకు వెళుతున్నాం. రేపు కొందరం టీచర్లమవుతాం, ఇంకొందరం ఈ నగరంలోనే యానిమేషన్ స్టూడియోల్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాం. చదువు చెప్పేవాళ్ళు ఆ మూడు ప్రశ్నలు అడగండి. బొమ్మలు గీసేవాళ్ళు, ఈసారి బొద్దు పిల్లవాడికి ఎపిసోడు చివర నవ్వులపాలయ్యే వేషం కాకుండా ఊరిని కాపాడే వేషం ఇచ్చి చూడండి. వాడు హాయిగా లడ్డూ తిననివ్వండి.