రాత్రి బజారులో మద్యం గొడవలు: విద్యార్థులకు ఒక పాఠం

ఇది మీ అమ్మానాన్నలతో కలిసి కూర్చుని చదవవలసిన పాఠం.

కామాఠీపుర అనగానే బయటివారికి గుర్తొచ్చేది ఒక్కటే. ఆ పేరు మాత్రం తెలుగునాటి నుంచి వలస వచ్చి, ఈ నగరంలో కట్టుబడి పనులు చేసిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. పేరు మనదే గానీ, రాత్రి పది దాటితే గల్లీ మనది కాదు. పైన పదడుగుల ఖోలీలో పదో తరగతి పిల్ల లెక్కలు చేసుకుంటూ ఉంటుంది. కింద ఇద్దరు తాగి కొట్టుకుంటూ ఉంటారు.

బ్యాంకు కౌంటర్ వెనక ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్నవాణ్ని. దేన్నయినా జమాఖర్చులుగా చూడటం నా అలవాటు. సీసా మీద లాభం దుకాణానికి, పన్ను ప్రభుత్వానికి జమ అవుతాయి. పగిలిన తల, ఇంటికి చేరని జీతం, ఆ పిల్ల పోగొట్టుకున్న రాత్రి చదువు మాత్రం ఏ పద్దులోనూ కనబడవు. కామర్స్ చదివే పిల్లలు దీని గురించి కాస్త ఆలోచించండి.

‘అన్నీ మూసేస్తే సరిపోదా?’ అని పెద్దలు అడుగుతారు. మూసి చూశారు. 1949 నాటి బొంబాయి చట్టంతో 1950 నుంచి ఇక్కడ సంపూర్ణ నిషేధం వచ్చింది. దొంగసారా బట్టీలు పెరిగాయి. 1960లలో ఆంక్షలు సడలించారు. మన ఆంధ్రలోనూ అంతే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, అక్షరాస్యత తరగతిలో సీతమ్మ కథ చదివి, సారా దుకాణం మీదికి వెళ్లారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించారు. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఆ తల్లుల పోరాటాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే చౌక సరుకు దొరికేచోటికే పేదవాడు పోతాడు. 2015 జూన్‌లో ఇదే ముంబైలోని మాల్వణిలో కల్తీసారా 100 మందికి పైగా ప్రాణాలు తీసింది.

మరి దారేమిటి? నా మటుకు గడియారమే దారి. బ్రెజిల్‌లో సావో పావులో పక్కన డియాడెమా అనే కార్మికుల పట్టణం ఉంది. అక్కడ హత్యలు ఏ వేళ, ఎక్కడ జరుగుతున్నాయో పోలీసు లెక్కలు తీస్తే, ఎక్కువ భాగం రాత్రి 11 దాటాక, బార్ల దగ్గరే అని తేలింది. ముందుగా బార్ల యజమానులకు నచ్చజెప్పి, 2002 జూలై నుంచి రాత్రి 11 మొదలు ఉదయం 6 వరకు అమ్మకం ఆపించారు. రాత్రుళ్లు తనిఖీ కూడా చేశారు. తరువాతి మూడేళ్లలో నెలకు సుమారు 9 హత్యలు తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. ఎవరినీ తాగడం మానమని చెప్పలేదు, వేళ మార్చారంతే.

మన దగ్గర చూడండి. ఆఖరి లోకల్ ఒంటిగంట ప్రాంతంలో వెళ్లిపోతుంది. పర్మిట్ రూములకు మాత్రం ఒకటిన్నర వరకు అనుమతి. అప్పుడు ఒక్కసారిగా బయటపడ్డ జనానికి బండి ఉండదు, దిక్కు తోచదు. టాక్సీ దగ్గర, పాన్ దుకాణం దగ్గర తగవు మొదలవుతుంది. తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ, ఆ అరగంట తేడా నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

చట్టంలో మనకూ కొంత చోటుంది. మహారాష్ట్రలో బీరుకు 21, ఘాటు మద్యానికి 25 ఏళ్లు నిండాలి. కుర్రవాళ్లకు అమ్మితే ఫిర్యాదు చేయవచ్చు. 2008 నాటి ఆదేశం ప్రకారం 25 శాతం ఓటర్లు అర్జీ పెడితే దుకాణం మూతపై రహస్య ఓటింగ్ జరపాలి. నిలువు సీసా గుర్తంటే ఉండాలని, ‘ఆడవీ బాట్లీ’ అంటే, అడ్డంగా పడుకోబెట్టిన సీసా, మూయాలని. నిబంధనలు మారుతుంటాయి గనుక అర్జీ రాసేముందు ఎక్సైజ్ కార్యాలయంలో కనుక్కోండి.

ఒకసారి మా చాల్ వాళ్లం ఇరవైమందిమి ఫిర్యాదు పట్టుకుని ఒక ఠాణాకు వెళ్లాం. ‘ఏ రోజు? ఎన్నింటికి?’ అని అడిగారు. ఇరవైమందిమీ మొహాలు చూసుకున్నాం. జీవితమంతా తేదీ లేని చెక్కును తిప్పి పంపినవాణ్ని, నేనే తేదీ లేని కాగితం మీద సంతకం పెట్టాను.

కనుక ఈ నెల అభ్యాసం ఇది. ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయండి: తేదీ, వేళ, గల్లీ నంబరు, ఏం జరిగింది. కిటికీలోంచి చూసి రాయండి చాలు, కిందికి దిగవద్దు. దెబ్బలదాకా వస్తే పెద్దలచేత 112కు ఫోన్ చేయించండి. ఎవరి పేర్లూ రాయవద్దు. నెల నిండాక గంటలవారీగా కూడి, ఆ పట్టికను నాన్నకు కాదు, ముందు అమ్మకు చూపండి.