చూపున్న సూది

"గడ్డను సూదితో కదిలిస్తే విషం పాకుతుంది" అని భయపడేవారు మన పల్లెలలో నేటికీ ఉన్నారు. ఆ భయంతో జహీరాబాదు ప్రాంతపు రోగి నూరు కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు ప్రయాణాన్ని వాయిదా వేయవచ్చు. వ్యాధి మాత్రం వాయిదా పడదు. కాబట్టి ఆ సూది ఏమి చేస్తుందో తెలుసుకోవడం అవసరం.

వైద్యంలో సూది మనకు కొత్త కాదు. సుశ్రుతసంహిత పేర్కొన్న ఇరవై శస్త్రాలలో సూచి ఒకటి, వ్రీహిముఖం మరొకటి. వడ్లగింజ వంటి మొన గలది కనుక దానికి ఆ పేరు వచ్చింది. జలోదరవ్యాధిలో దానితో రంధ్రం చేసి, గొట్టం అమర్చి, కడుపులోని నీటిని తీసేవారు. అయితే చర్మం దాటిన మొన ఎక్కడ ఉన్నదో చెప్పవలసినది చేతి అనుభవమే.

ఆ మొనకు చూపునిచ్చినది ధ్వని. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. విద్యుత్తు ప్రసరిస్తే అవే స్ఫటికాలు కంపిస్తాయి. మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. స్కానింగు పరికరం లక్షల సంఖ్యలో కంపనాలను పుట్టిస్తుంది. మెత్తని కణజాలంలో ఈ ధ్వని సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతుంది. ప్రతిధ్వని తిరిగివచ్చిన కాలాన్ని బట్టి యంత్రం లోతును లెక్కించి చిత్రాన్ని గీస్తుంది.

గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు 1958లో ఈ పద్ధతిని వైద్యలోకానికి వివరించారు. నయంకాని క్యాన్సరని భావించిన ఒక స్త్రీ కడుపులోని గడ్డను వారు పరీక్షించగా, అది అండాశయపు నీటితిత్తి అని తేలింది. శస్త్రచికిత్సతో దానిని తొలగించారు. చూడగలగడమే ఆమెకు ప్రాణదానమైంది.

సూదిని తెరపై చూడడంలో ఒక చిక్కు ఉన్నది. నున్నని ఉక్కుసూది నిటారుగా దిగితే, ధ్వని దానిపై జారి వేరొక దిక్కుకు పోతుంది, సూది కనబడదు. అందుకే కొన్ని సూదుల మొన వద్ద సన్నని గుంటలు చెక్కుతారు. అవి ధ్వనిని అన్ని దిక్కులకు వెదజల్లగా, మొన మెరుస్తూ కనిపిస్తుంది.

ఇట్టి సూదితో కణాలను పరీక్షకు తీయవచ్చు, చీమును తోడవచ్చు. కాలేయంలోని చిన్న గడ్డలోనికి సూది వంటి ఎలక్ట్రోడును పంపి, విద్యుత్తరంగాలతో వేడి పుట్టించవచ్చు. వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటితే కణాలు దాదాపు వెంటనే నశిస్తాయి. పెద్ద కోత అవసరం ఉండదు. 2025లో పద్మవిభూషణ్ పొందిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి హైదరాబాదులో నెలకొల్పిన సంస్థలో ఎండోస్కోపు కొనకు స్కానింగు పరికరం అమర్చి, జీర్ణాశయపు గోడ గుండా క్లోమం వరకు సూదిని పంపే చికిత్స సాగుతున్నది.

ఈ చూపుకూ హద్దులున్నాయి. ఎముక, గాలి ధ్వనిని అడ్డగిస్తాయి. సూది వల్ల రక్తస్రావం కావచ్చు. వ్యాధి కణాలు సూది దారిలో వ్యాపించడం చాలా అరుదు. కొన్ని గడ్డల విషయంలో వైద్యులే సూది వద్దంటారు. ఆ నిర్ణయం పరీక్షతో జరగాలి కాని, పుకారుతో కాదు. ఇంట్లో పెద్దలు జంకినప్పుడు ఈ మాట వారికి వివరించి, వెంట నడవవలసినది చదువుకున్న మీరే.

కఠిన పదాలకు అర్థాలు
శస్త్రం : కోయుటకు, పొడుచుటకు ఉపయోగించే పరికరం
వ్రీహి : వరిధాన్యం
జలోదరం : కడుపులో నీరు చేరే వ్యాధి

ప్రశ్నలు
1. నున్నని సూది తెరపై కనబడకపోవడానికి కారణమేమి?
2. సూదిని గురించిన భయాన్ని రచయిత ఎట్లా పరిశీలించాడు?